మా అత్తయ్య మొదటిసారి సముద్రం చూడబోతున్నారు: విశాఖలో నాలుగు రోజులు ఎలా గడపాలి?

పద్మజ_కరీంనగర్
జనవరి 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కరీంనగర్. ఈ నెలాఖరున విశాఖపట్నం వస్తున్నాం. నేను, మా వారు, పదకొండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, మా అత్తయ్య. అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్ళు. గోదావరిలో రెండు పుష్కరాలకు మునిగారు, ధర్మపురికి ఏటా వెళతారు, కానీ సముద్రాన్ని ఇంతవరకు కళ్ళతో చూడలేదు. మాఘ పౌర్ణమినాడు సముద్ర స్నానం చేయాలని ఆవిడ ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నారు. అందుకే సెలవులను పౌర్ణమికి సరిపెట్టుకున్నాం. రెండు రోజుల ముందు దిగుతాం, పౌర్ణమి మరునాటి రాత్రి రైలెక్కుతాం.

మా వారు ఇరవై మూడు చోట్లు రాసిపెట్టుకున్నారు. అరకు, బొర్రా గుహలు, కైలాసగిరి, సింహాచలం, జలాంతర్గామి, జంతు ప్రదర్శనశాల, ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ తిరిగితే పిల్లలకు కారు కిటికీ తప్ప ఏదీ గుర్తుండదని నా భయం. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. పాపకు తాబేళ్ళు చూడాలని ఉంది. నాకు సముద్రంలో సూర్యాస్తమయం చూడాలని ఉంది. స్నానానికి ప్రమాదం లేని చోటు ఏది? స్థానికులు చెబితే ధైర్యంగా ఉంటుంది.

రవి_రాజమండ్రి
జనవరి 8, రాత్రి 9:40

గది తీసుకునే ముందు ఒక్క మాట. సముద్రం కనిపిస్తుందని చెప్పి నాకు ఇచ్చిన గది కిటికీలోంచి పక్క భవనం గోడ తప్ప ఏమీ కనిపించలేదు. అదనపు డబ్బు కూడా తీసుకున్నారు. ఫోన్ చేసి గది నంబరు, అంతస్తు అడిగి తెలుసుకోండి.

పెదవాల్తేరు
జనవరి 8, రాత్రి 10:25

అమ్మా పద్మజా, ముందు ఒక పొరపాటు సరిచేస్తాను. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు ఇక్కడ నీటిలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక దిగుతాడు. అస్తమయం కోసం బీచ్‌కు వెళ్ళి వెనక్కి తిరిగి భవనాలను చూసినవాళ్ళను చాలామందిని చూశాను. అయితే మీరు తెలియకుండానే మంచి రోజు ఎంచుకున్నారు. పౌర్ణమి సాయంత్రం సూర్యుడు వెనక కొండల్లోకి దిగే వేళకు ఎదురుగా చంద్రుడు నీటిలోంచి పైకి వస్తాడు. మొదట పాలిపోయిన తెల్లని బిళ్ళలా ఉంటాడు. చీకటి పడేకొద్దీ పసుపు రంగు ఎక్కుతుంది, ఆ తరువాత అతని కాళ్ళ దగ్గరనుంచి మన కాళ్ళదాకా నీటిమీద వెలుగు బాట పడుతుంది. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను, పౌర్ణమినాడు ఇంట్లో కూర్చోలేను. మీ అత్తయ్యగారికి ఆ గంట తప్పకుండా చూపించండి.

ఇక స్నానం. ఇది జాగ్రత్తగా చదవండి. ఆర్కే (రామకృష్ణ) బీచ్‌లో ఇసుక వాలు నిటారుగా ఉంటుంది. మోకాలిలోతు అనుకుని వేసిన అడుగు తరువాతి అడుగుకు నడుంలోతు అవుతుంది. కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను తోడేస్తుంది. నేను ఉపాధ్యాయుడిగా పనిచేశాను. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడు పరీక్షలు అయిపోయిన సంతోషంతో స్నేహితులతో కలిసి దిగి, తిరిగి రాలేదు. చెరువులో బాగా ఈదేవాడు. అప్పటినుంచి ఊరినుంచి ఎవరు వచ్చినా మొదట ఈ మాటే చెబుతున్నాను.

పెద్దావిడకు మునగవలసిన అవసరం లేదు. ఒక రాగి చెంబు తీసుకువెళ్ళండి. కెరటం వచ్చి ఆగే అంచున తడి ఇసుకమీద కూర్చోబెట్టి, ఇద్దరు చెరో పక్కన పట్టుకుని, చెంబుతో నీళ్ళు తలమీద పోయండి. మా అమ్మకు చివరి ఏడేళ్ళూ అలాగే చేయించాను. పుణ్యం ఏమీ తగ్గదు.

తెప్ప
జనవరి 8, రాత్రి 11:02

మాస్టారు చెప్పినది అక్షరాలా నిజం. మాది పెదజాలారిపేట, నాన్న తెప్పమీద వేటకు వెళతారు. పొద్దున్నే వచ్చి వివరంగా రాస్తాను.

శ్రీనివాస్_హైదరాబాదు
జనవరి 9, ఉదయం 7:15

విశాఖ వచ్చి అరకు చూడకపోతే ఎలా అండీ? ఉదయం కిరండూల్ రైలు ఎక్కితే దారిపొడవునా సొరంగాలు, లోయలు, వంతెనలు. పిల్లలు కిటికీ వదలరు. బొర్రాలో దిగి సున్నపురాయి గుహలు చూసి, అరకులో కాఫీ తాగి, బొంగులో చికెన్ తిని, రాత్రికి కారులో తిరిగి రావచ్చు. మేము ఒక్కరోజులో చేశాం.

గోస్తని
జనవరి 9, ఉదయం 8:05

శ్రీనివాస్ గారూ, అరకు అందం గురించి నాకు రెండో మాట లేదు. కానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడను బొర్రా మెట్లు దింపి ఎక్కించి, రాత్రి ఘాట్ రోడ్డులో మలుపులు తిప్పి తీసుకురావడం నాకు సబబుగా అనిపించడం లేదు. వాళ్ళు వస్తున్నది సముద్రం కోసం. ఉన్నవి నాలుగు రోజులు, అందులో ఒకటి కొండకు ఇస్తే మిగిలేది తక్కువ. అరకుకు విడిగా మూడు రోజులు పెట్టుకుని మరోసారి రావాలి.

తెప్ప
జనవరి 9, ఉదయం 8:50

పద్మజ అక్కా, ముందు అలల సంగతి చెబుతాను. ఒడ్డున నిలబడి చూస్తే కెరటాలు వరసగా విరుగుతూ ఉంటాయి. మధ్యలో ఒక చోట మాత్రం విరగవు, నీళ్ళు కాస్త నల్లగానో మట్టిరంగులోనో ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు ఇక్కడ బాగుందని అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డువైపు ఈదడానికి ప్రయత్నించకూడదు, ఎంత బలమున్నా అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. ఆ ప్రవాహం వెడల్పు తక్కువే ఉంటుంది, దాటగానే కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. మీ బాబుకు పదకొండేళ్ళు కదా, ఇది అర్థమయ్యే వయసే. కూర్చోబెట్టి చెప్పండి.

పిల్లలు నీళ్ళలో ఆడాలంటే రుషికొండకు తీసుకువెళ్ళండి. అక్కడ స్నానానికి హద్దులు గుర్తించి ఉంటాయి, గార్డులు ఉంటారు, బట్టలు మార్చుకోవడానికి గదులు ఉంటాయి. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చింది ఆ బీచ్‌కే. గార్డు ఈల వేస్తే మాత్రం వెంటనే బయటికి రావాలి. యారాడ బీచ్ చాలా అందమైన చోటు, మూడువైపులా కొండలు, కొబ్బరిచెట్లు. వెళ్ళి కూర్చోండి, చూడండి, కానీ అక్కడ దిగకండి.

ఇంకొకటి, ఎవరూ మీకు చెప్పనిది. తెల్లవారాక మా పేట దగ్గర ఒడ్డుకు వస్తే ఒక్కోరోజు అలివి వల లాగుతుంటారు. వల రెండు కొసల తాళ్ళు ఒడ్డున రెండు జట్లు పట్టుకుని గంటలకొద్దీ లాగుతారు. అడిగితే పిల్లలకు కూడా తాడు పట్టుకోనిస్తారు. చివర వల ఒడ్డుకు చేరినప్పుడు కవ్వళ్ళు, నెత్తళ్ళు అనే చిన్న చేపలు వెండిలా ఎగిరిపడుతుంటే ఆ సంతోషం వేరు. ఫోటోలు తీసేముందు మాత్రం ఒక మాట అడగండి. అది వాళ్ళ పని, ప్రదర్శన కాదు.

చేపల హార్బరుకు కూడా తెల్లవారుజామునే వెళ్ళాలి. మరబోట్లు సరుకు దించుతాయి, వేలంపాట జరుగుతుంది, గంపలు పట్టుకున్న ఆడవాళ్ళ గొంతులే అన్నిటికన్నా గట్టిగా వినిపిస్తాయి. మీవైపు వంజరం అనే చేపను ఇక్కడ కోనాం అంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మీరు వచ్చేది నిండు వేటకాలంలో. నేలంతా తడిగా, జారుడుగా ఉంటుంది, అత్తయ్యగారిని మాత్రం తీసుకురావద్దు.

పద్మజ_కరీంనగర్
జనవరి 9, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, అలల గురించి రాసినది మా వారికి, బాబుకు ఇద్దరికీ చదివి వినిపించాను. మా వారు జాబితాలో అరకును కొట్టేశారు. శ్రీనివాస్ గారూ, ఏమీ అనుకోకండి, వచ్చే దసరాకు అరకు కోసమే వస్తాం. మరి తాబేళ్ళ మాట? ఎక్కడో చదివాను, రాత్రిపూట టార్చి పట్టుకుని తీరం వెంట నడిస్తే కనిపిస్తాయట.

ఉప్పుగాలి
జనవరి 9, సాయంత్రం 6:33

పద్మజ గారూ, దయచేసి ఆ పని చేయకండి. నేను కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను, చాలా సీజన్లు తాబేళ్ళ గూళ్ళ రక్షణ పనిలో తిరిగాను. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రివేళ తల్లి తాబేలు నీటిలోంచి వచ్చే సమయంలో టార్చి వెలుగు, మనుషుల అలికిడి ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. ఎంత దూరం ఈదుకుంటూ వచ్చి ఉంటుందో ఊహించండి. ఒక్కో గూటిలో దాదాపు వంద గుడ్లు ఉంటాయి. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా అటవీశాఖవారు, వారితో పనిచేసే మత్స్యకారులు వాటిని జాగ్రత్తగా తీసి కంచె కట్టిన హేచరీలో మళ్ళీ పాతిపెడతారు. పిల్లలు బయటికి రావడానికి ఏడు వారాలు అటూ ఇటూగా పడుతుంది. అంటే మీరు వచ్చే సమయానికి బుల్లి తాబేళ్ళు కనిపించవు, పాపకు ఇప్పుడే చెప్పి ఉంచండి. పగటిపూట హేచరీ దగ్గరికి వెళితే ఇసుకలో వరసగా నాటిన గుర్తులు, వాటిమీద రాసిన తేదీలు చూపిస్తారు. ఆ గూటిలో ఆడపిల్లలు పుట్టాలో మగపిల్లలు పుట్టాలో ఇసుక వేడి నిర్ణయిస్తుందని చెప్పండి. వేడి ఎక్కువైతే ఆడవి. ఏడేళ్ళ పాప ఈ మాట మరచిపోదు.

ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేలు కనిపించే అవకాశం కూడా ఉంది. ఈ కాలంలో వలల్లో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చనిపోతాయి. కనిపిస్తే పిల్లల కళ్ళు మూయకుండా, ఎందుకు చనిపోయిందో చెప్పమంటాను.

తెప్ప
జనవరి 9, రాత్రి 8:10

మేడం, వలలో పడిన తాబేలును మా నాన్న వల కోసి వదిలేస్తారు. వల పోతే వేలల్లో నష్టం, అయినా వదిలేస్తారు. మా పేటలో అలాంటివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఆ మాట కూడా పిల్లలకు చెప్పాలి.

ఉప్పుగాలి
జనవరి 9, రాత్రి 8:41

నిజమే తమ్ముడూ. నేను రాయవలసిన మాట అది. పనిలో నాతో నడిచినవాళ్ళలో సగం మంది మీ పేటలవారే.

పద్మజ గారూ, తాబేళ్ళకు బదులు మీ పిల్లలకు మరొకటి చూపించండి. పౌర్ణమి, అమావాస్యలకు సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేయడం వల్ల పోటు మరీ ఎత్తుకు వస్తుంది, ఆటు మరీ కిందికి పోతుంది. మామూలు రోజుల్లో నీటికింద ఉండే రాళ్ళు ఆ రోజుల్లో బయటపడతాయి. భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర ఆటు వేళ దిగితే రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. ఒక్కో గుంట ఒక్కో ఊరు. పువ్వులా విచ్చుకున్న సీ అనిమోన్లు ఏదైనా తగిలితే ముడుచుకుంటాయి. ఖాళీ గవ్వలో కాపురం పెట్టిన సన్యాసి పీతలు, ముళ్ళ బంతుల్లాంటి అర్చిన్లు, రాయికి సిమెంటుతో అతికించినట్లుండే బార్నకిల్స్ కనిపిస్తాయి. అక్కడే కెరటాలు తొలిచిన సహజ శిలాతోరణం కూడా ఉంది. ఆటుపోట్ల పట్టికలో సమయం చూసుకుని, ఆటు పూర్తి కావడానికి గంట ముందు చేరుకోండి. పోటు మొదలవగానే బయటికి రండి. జారని చెప్పులు వేసుకోవాలి. ఏదీ పీకకూడదు, ఇంటికి తీసుకువెళ్ళకూడదు. రాయి ఎత్తి చూస్తే మళ్ళీ అలాగే పెట్టాలి, దానికింద ఉన్నవాటికి ఎండ తగిలితే చనిపోతాయి.

గోస్తని
జనవరి 10, ఉదయం 6:50

మంగమారిపేటదాకా వస్తే మా భీమిలి ఎంతో దూరం లేదు. బీచ్ రోడ్డులో భీమిలి బస్సు ఎక్కి కుడివైపు కిటికీ పట్టుకున్నా చాలు, దారంతా సముద్రం కనిపిస్తుంది. దారిలో తొట్లకొండ ఉంది. కొండమీద రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం, తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. వానాకాలంలో భిక్షువులు అక్కడ ఉండి, ఎదురుగా ఓడలు పోతుంటే చూసేవారన్నమాట. కారు పైదాకా వెళుతుంది, తరువాత కొద్దిగా నడక.

భీమిలికి ముందే ఎర్రమట్టి దిబ్బలు. పేరులో మట్టి ఉంది కానీ అది ఇసుక. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుక వేల ఏళ్ళలో ఇనుపధాతువు తుప్పుతో ఎర్రబడింది, వానలు దాన్ని లోయలుగా కోశాయి. భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. గోడలమీద పేర్లు చెక్కడం, అంచులు ఎక్కడం చూస్తే నా కడుపు రగిలిపోతుంది. చేత్తో నొక్కితే రాలిపోయే గోడలవి.

భీమిలిలో డచ్చివారి పాత సమాధులు, దీపస్తంభం, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు చూడండి. సంగమం పుణ్యమని అక్కడ మాత్రం స్నానం చేయించకండి. నది తోపు, సముద్రం లాగుడు రెండూ కలిసే చోటది, ఇసుక తిన్నె ఈ వారం ఉన్నట్లు వచ్చే వారం ఉండదు.

పెదవాల్తేరు
జనవరి 10, ఉదయం 9:30

బాబు సంగతి మరచిపోయాం. వాడిని కుర్సురా జలాంతర్గామిలోకి తీసుకువెళ్ళండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న ఓడ, పొడవు తొంభై మీటర్లకు పైనే. డెబ్భై అయిదు మంది అంత ఇరుకులో ఎలా బతికారో లోపల చూస్తేగాని తెలియదు. గదినుంచి గదికి గుండ్రటి రంధ్రంలోంచి వంగి, కాలెత్తి దాటాలి, కాబట్టి అత్తయ్యగారు బయట కూర్చోవాలి. సోమవారం సెలవు. ఎదురుగానే టీయూ 142, నౌకాదళం వాడిన పాత విమానం, ఇప్పుడు మ్యూజియం. అక్కడికి దగ్గరలోనే విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరిమీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలినది ఒకటి ఉంది. యుద్ధం ఈ ఒడ్డుదాకా వచ్చిందని పిల్లలకు తెలియాలి.

సాయంత్రం బండిమీద మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) తినండి. నిమ్మకాయ ఎక్కువ పిండమనండి.

పద్మజ_కరీంనగర్
ఫిబ్రవరి 5, రాత్రి 9:55

తిరిగి వచ్చాం. ఎలా గడిచిందో మీ అందరికీ చెప్పాలి కదా.

ఇరవై మూడింటిలో చూసినవి ఏడు. సింహాచలం, హార్బరు, కుర్సురా, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట, రుషికొండ. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం కప్పుకుని ఉంటారని, అక్షయ తృతీయ ఒక్కనాడే నిజరూప దర్శనమని తెలిసి అత్తయ్య మళ్ళీ రావాలన్నారు. మిగతా సమయమంతా ఒడ్డునే ఉన్నాం.

మొదటిరోజు రైలు దిగి, సామాను గదిలో పెట్టి నేరుగా ఆర్కే బీచ్‌కు వెళ్ళాం. రోడ్డు దాటగానే అత్తయ్య ఆగిపోయారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నా చేయి పట్టుకుని, "ఇది ఆగదా?" అని అడిగారు. రాత్రి మనం పడుకున్నప్పుడు కూడా ఇలాగే వచ్చి పోతుంటుందా అని ఆవిడ ఉద్దేశం. అవునన్నాను. మరునాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి కిటికీ దగ్గర కూర్చుని వింటున్నారు.

పౌర్ణమి ఉదయం అప్పటికే వందలమంది ఉన్నారు. మాస్టారు చెప్పినట్లు చెంబు తీసుకువెళ్ళాం. అంచున కూర్చోబెట్టి మా వారు ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు పైకి వచ్చాడు. మొదటి చెంబు ఆవిడే పోసుకున్నారు, రెండోది మా మామయ్యగారి పేరు చెప్పి పోయమన్నారు. మామయ్య పోయి ఆరేళ్ళయింది. ఆ కోరిక ఇద్దరిదీ అని నాకు అప్పటివరకు తెలియదు. ఒక పెద్ద కెరటం వచ్చి నడుందాకా తడిపేసి వెళ్ళింది, కింద ఇసుక కదిలిపోవడం నాకు కూడా తెలిసింది. పట్టుకుని ఉండకపోతే ఏమయ్యేదో. మాస్టారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అదే రోజు మధ్యాహ్నం ఆటు వేళకు మంగమారిపేట వెళ్ళాం. పాప ఒక్క గుంట దగ్గరే ముప్పావు గంట కూర్చుంది. సన్యాసి పీత ఒక గవ్వ వదిలి మరో గవ్వలోకి మారడం తన కళ్ళతో చూసింది. హేచరీలో ఒక గూటి తేదీ పుస్తకంలో రాసుకుని వచ్చింది, ఏడు వారాలు లెక్కపెడుతోంది. బాబుకు మాత్రం అలివి వల తాడు లాగడమే అన్నిటికన్నా నచ్చింది. అరచేతులు ఎర్రబడ్డాయి, అయినా వదలలేదు. వల లాగినవారిలో ఒక పెద్దాయన గుప్పెడు నెత్తళ్ళు ఆకులో పెట్టి ఇచ్చారు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. బస చేసిన చోట వేయించి పెట్టారు.

సాయంత్రం చంద్రుడు. దాని గురించి నేను రాయలేను. అత్తయ్య దండం పెట్టుకున్నారు, పిల్లలు అరవడం మానేసి కూర్చున్నారు.

తెప్ప
ఫిబ్రవరి 5, రాత్రి 10:30

అక్కా, ఆ గుప్పెడు నెత్తళ్ళ కథ నాన్నకు చదివి వినిపించాను. ఆ రోజు తాడు పట్టుకున్న కరీంనగర్ కుర్రవాడు ఆయనకు గుర్తున్నాడు. కాళ్ళు ఇసుకలో ఎలా పాతుకోవాలో నేర్పించింది ఆయనేనట.

పద్మజ_కరీంనగర్
ఫిబ్రవరి 5, రాత్రి 10:38

అయ్యో తమ్ముడూ, ఆయన మీ నాన్నగారా! మాకు తెలియలేదు. అత్తయ్య ఇక్కడే ఉన్నారు, ఆయనకు నమస్కారం చెప్పమంటున్నారు. మా ఇంటి సకినాలు పంపుతాం, ఎలా పంపాలో విడిగా రాయి.

ఉప్పుగాలి
ఫిబ్రవరి 6, ఉదయం 7:05

పాప రాసుకున్న తేదీ ఎంతో నాకు పంపండి పద్మజ గారూ. ఆ గూటినుంచి పిల్లలు బయటికి వచ్చిన ఉదయం వీడియో తీసి పంపిస్తాను.